రాయలచెరువు తెగలేదు, మా అత్తయ్యకు మాత్రం వాన పడితే నిద్ర లేదు

కట్టకింది కోడలు, రామచంద్రాపురం మండలం

నమస్కారం. ఇది డాక్టరును అడగాల్సిన ప్రశ్నో, ఊరి పెద్దలను అడగాల్సిన ప్రశ్నో నాకే తేలడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది రాయలచెరువు కట్ట కింది ఊరు. తిరుపతి వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం: కొండల నడుమ కట్టిన పెద్ద చెరువు, కృష్ణదేవరాయల కాలం నాటిదని చెబుతారు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధుల్లో కార్లు తేలిన వానలు. ఆ నెల 19న, కార్తీక పౌర్ణమి నాడు, పక్కన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్లు ఏమయ్యాయో టీవీలో మళ్లీ మళ్లీ చూపించారు. మా ఇంట్లో ఆ టీవీ కట్టేసినవాళ్లు లేరు. సరిగ్గా అది చూస్తూ ఉండగానే ఆదివారం నాడు మా చెరువు కట్ట జారుతోందనీ, ఊరు ఖాళీ చేయాలనీ కబురు వచ్చింది.

ఉన్నపళంగా బయలుదేరాం. ఆ తరవాత అధికారులు ఇసుక బస్తాలు వేయించారు, నీళ్లు మెల్లగా వదిలించారు, కట్ట నిలిచింది. తిరిగి వచ్చి చూస్తే మా ఇంట్లో చెంబు కూడా పోలేదు. గోడకు చెమ్మ పట్టింది, అంతే.

అత్తయ్యకు అరవై దాటాయి. ఊళ్లో గట్టి మనిషని పేరు. మామయ్య పోయినప్పుడు కూడా పదకొండో రోజు దాటగానే పాల కేంద్రానికి తానే క్యాను మోసుకెళ్లింది. అలాంటి మనిషి ఇప్పుడు ఈశాన్య రుతుపవనాల కాలం వస్తే చాలు, మారిపోతుంది. అటక మీద ఒక గుడ్డ సంచి ఉంది. అందులో పాసుపుస్తకం, రేషన్ కార్డు, మామయ్య ఫోటో, రెండు చీరలు, బీపీ మాత్రలు. వాన మొదలైతే సంచి కిందికి దిగుతుంది, తెరిపి ఇస్తే పైకెక్కుతుంది. రాత్రంతా వసారాలో కూర్చుని చూరు నుంచి పడే నీళ్లను వింటూ ఉంటుంది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఆవు సంగతి. ఆ రోజు చూడి ఆవు పలుపు ముడి తడిసి బిగుసుకుపోయి, ఎంతకీ విడలేదు. చివరకు కొడవలితో కోశారు. అప్పటి నుంచి అత్తయ్య గుంజకు జారుముడే వేస్తుంది. వేసి ఊరుకోదు. పడుకునే ముందు కొసను పట్టి లాగుతుంది, ముడి జారి విడిపోతుంది, మళ్లీ వేస్తుంది. ఎండాకాలంలో కూడా ఇదే. ఆవు రెండు సార్లు విప్పుకుని పక్కవాళ్ల వేరుశనగలో పడి మేసి, తగవు కూడా అయింది. ముడి మాత్రం మారలేదు.

మొన్న 2025 నవంబరులో కేవీబీపురం మండలంలో ఒక చెరువు తెగి కళత్తూరు మునిగింది. ఆ చెరువు పేరు కూడా రాయలచెరువే. టీవీలో కింద పేరు పరిగెత్తింది, అత్తయ్య చేతిలో సంచితో వాకిట్లో నిలబడింది. అది వేరే చెరువు అని మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆయన విసుక్కుని, తెగనిదాని కోసం ఇన్నేళ్లు ఏడవడం ఏమిటమ్మా అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు, కానీ బదులు చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

ఇంకొకటి. ఇది ఆమె ఒక్కరి సంగతిలా కూడా లేదు. ఊళ్లో కొత్త ఇల్లు కట్టేవాళ్లందరూ పునాది ఎత్తు పెంచుతున్నారు. వరద కోసమా అని అడిగితే వాస్తు అంటారు. పిల్లలకు 'కట్ట తెగింది' అని ఒక ఆట ఉంది. ఒకరు కేక పెడతారు, మిగతావాళ్లు గుడి అరుగు ఎక్కాలి, చివర మిగిలినవాడు మునిగినట్టు. మా పాప కూడా ఆడుతుంది. అది 2022లో పుట్టింది.

రాని వరద ఒక మనిషిని ఇంతగా పట్టుకోవడం ఉంటుందా? ఉంటే అది ఆమె మనసులో ఉన్న సమస్యా, ఊరి సమస్యా?

---

ఆయకట్టు రైతు

అమ్మా, మీ అత్తగారికి జబ్బేమీ లేదు, తెలివి ఉంది. మాది కూడా ఆ కట్ట కిందే. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని ఇక్కడ కొందరు రాస్తారు చూడండి. కట్టకు చేయాల్సిన వైద్యం మనిషికి చేస్తామంటే నేను ఒప్పుకోను.

మా చిన్నప్పుడు గట్టి వాన పట్టిందంటే నీరుగంటి, అంటే చెరువు నీళ్లను కాసే మనిషి, లాంతరు, గొంగళి, పార తీసుకుని కట్ట మీదికి వెళ్లిపోయేవాడు. తెల్లవారే వరకు అక్కడే. ఎండ్రకాయ బొరియ కనబడినా, ఎలుక బొక్క కనబడినా అప్పటికప్పుడు మట్టి కూరి తొక్కేవాడు. తూము ఎప్పుడు తీయాలి, మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ఎంత ఎత్తున పోతే ఊరిని లేపాలి, అతడికి తెలుసు. కోతలయ్యాక కళ్లంలోనే అతడి వాటా వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లం. కట్ట గట్టిదని కాదు, ఒక మనిషి మేలుకుని ఉన్నాడని ఊరు పడుకునేది.

బోర్లు వచ్చాక చెరువు నీళ్లతో మాకు పని తగ్గింది. నీరుగంటి పిల్లలు చదువుకుని తిరుపతిలో ఉద్యోగాలకు వెళ్లారు, మంచిదే. కట్ట మీద సర్కారు తుమ్మ మొలిచింది. 2021లో కట్ట జారుతోందన్న కబురు మాకు కట్ట మీది నుంచి రాలేదు, ఫోన్లకు వచ్చింది. నీటిని ఎవరూ కళ్లతో చూడలేదు. మీ అత్తగారు వసారాలో కూర్చుంటున్నారంటే, ఆ లాంతరు ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి ఆమె పట్టుకున్నారు. అంతే.

---

రాత్రి డ్యూటీ నర్సు, తిరుపతి

రైతుగారి మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఆ వసారాలో కూర్చున్న ఆమెకు ఖరీదైనది. బీపీ ఉన్న మనిషి ప్రతి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిద్ర మానేస్తే ఊరు కాపాడబడదు, ఆమె పడిపోతుంది.

నేను మానసిక వైద్య విభాగంలో పని చేస్తాను. రోగిని చూడకుండా జబ్బు పేరు చెప్పను. కానీ 'ఏమీ జరగలేదు కదా' అన్న మాటకు మాత్రం జవాబు చెబుతాను. 1976 జులైలో కాలిఫోర్నియాలో చౌచిల్లా అనే ఊరి బడి బస్సును దుండగులు ఎత్తుకుపోయారు. 26 మంది పిల్లలు. వాళ్లను ఒక క్వారీలో పాతిపెట్టిన వ్యానులో మూసేశారు. డ్రైవరు, పెద్ద పిల్లలు కలిసి పైకప్పు తోసుకుని అందరూ బయటపడ్డారు. ఒక్కరూ చనిపోలేదు. అయినా నాలుగైదేళ్ల తరవాత ఒక మనోవైద్యురాలు ఆ పిల్లలను వెతికి మాట్లాడితే, ప్రతి ఒక్కరిలోనూ భయం జాడలు కనిపించాయి. చచ్చిపోతున్నామని నిజంగా నమ్మిన ఘడియ ఒకటి ఉంటుంది. తరవాత బతికి బయటపడ్డా ఆ ఘడియ రద్దు కాదు. మీ వారికి ఈ మాట చెప్పండి. అత్తయ్యకు కాదు, ఆమెకు ఇది తెలుసు.

ఆ పిల్లలు కూడా జరిగినదాన్నే ఆటగా ఆడుకున్నారు. మీ ఊరి ఆట గురించి చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. ఆపకండి. నవ్వుతూ ఆడుతూ, మధ్యలో ఆట మార్చుకుంటూ ఉంటే ఫరవాలేదు. ఒక్క బిడ్డ నవ్వు లేకుండా అదే పనిగా ఒంటరిగా ఆడుతుంటే అప్పుడు చూడాలి.

టీవీ సంగతి మీరే రాశారు, మీకు తెలియకుండానే ముఖ్యమైన మాట రాశారు. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తరవాత అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, ఆ వారం రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూసినవాళ్లలో, పేలుడు చోట ఉన్నవాళ్ల కంటే ఎక్కువ ఒత్తిడి లక్షణాలు తేలాయి. మీ అత్తయ్య చెయ్యేరును రెండు రోజులు చూసి, అదే కళ్లతో తన చెరువు కబురు విన్నారు. ఆమె మనసు దృష్టిలో పులపత్తూరు మీ వీధిలోనే ఉంది. వాన కాలంలో వార్తల చానెల్ కట్టేయండి. ఇది నేను ఇచ్చే మొదటి మందు, పైసా ఖర్చు లేదు.

ఇలాంటి బాధను వైద్యం గుర్తించిందే ఆలస్యంగా. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల 1980లో అమెరికా మనోవైద్యుల జాబితాలో పీటీఎస్‌డీ (ప్రాణం మీదికి వచ్చిన ఘటన తరవాత మనసును వదలని బాధ) అన్న పేరు చేరింది. సైనికుడికి ఉన్న పేరు పాలు పితికే ఆమెకు అక్కర్లేదా? పీడకలలు, ఉలికిపాటు, వాన లేని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోవడం ఉంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరకు ఒకసారి తీసుకురండి. బయలుదేరడం కష్టమైతే 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ టెలిమానస్ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

---

చిత్తూరు లెక్చరరు

సమాజశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. పాఠంలా ఉంటే మన్నించండి, పాత అలవాటు.

కోడలుగారి చివరి ప్రశ్న, ఆమెదా ఊరిదా అన్నది, యాభై ఏళ్ల కిందట ఒకచోట సరిగ్గా ఇలాగే వచ్చింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బఫెలో క్రీక్ అనే లోయ. పైన గని కంపెనీ బొగ్గు చెత్తతో వేసిన కట్ట. 1972 ఫిబ్రవరి 26 ఉదయం అది తెగింది. 125 మంది చనిపోయారు, సుమారు నాలుగు వేల మందికి ఇళ్లు లేకుండా పోయాయి. ఇది దైవఘటన అని కంపెనీ తరఫువాళ్లు అన్నారు. ఆ మాట మనకూ కొత్త కాదు. కై ఎరిక్సన్ అనే సమాజశాస్త్రవేత్త అక్కడికి వెళ్లి జనంతో మాట్లాడాడు. వాన రాత్రుల్లో బట్టలు మార్చుకోకుండా, పరిగెత్తడానికి సిద్ధంగా పడుకునేవాళ్లు అక్కడ కనిపించారు. మీ అత్తగారి గుడ్డ సంచి నాకు అక్కడిదే అనిపించింది.

అతడు రెండు గాయాలను విడదీశాడు. ఒకటి మనిషికి నేరుగా తగిలిన దెబ్బ. రెండోది మనుషులను కలిపి ఉంచే అల్లికకు తగిలిన దెబ్బ. నిర్వాసితులకు ప్రభుత్వం తాత్కాలిక ఇళ్లిచ్చింది. ఖాళీ ఉన్నచోట కుటుంబాన్ని పెట్టుకుంటూ పోయారు, ఎవరి పక్కన ఎవరు ఉండేవారో చూడలేదు. దాంతో పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది, ఒకరి భయాన్ని ఇంకొకరు పంచుకునే దారి పోయింది. ఈ రెండో దెబ్బ నెమ్మదిగా పడుతుంది, తగిలినట్టు కూడా తెలియదు.

మీ ఊరు చెదరలేదు. అందరూ అవే ఇళ్లకు తిరిగి వచ్చారు. మరి అల్లిక ఎక్కడ తెగింది? రైతుగారు నీరుగంటి దగ్గర తెగిందన్నారు, బాగుంది. నాకు మాత్రం ఆ 'వాస్తు' అన్న మాట దగ్గర అనుమానం. ఊరంతా పునాది పెంచుతోంది, ఎవరూ ఎందుకో చెప్పడం లేదు. ఆ రెండు మూడు రోజుల గురించి మీ ఊళ్లో నోరు విప్పి మాట్లాడుకుంటారా?

పాప గురించి ఒక మాట. భయం రక్తంలో దిగిందని ఈమధ్య ఎవరిని కదిపినా అంటున్నారు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువులో కడుపున ఉన్న బిడ్డలకు పెద్దయ్యాక ఒంటి జబ్బులు ఎక్కువగా వచ్చాయని తేల్చారు, అది నిజం. దాన్ని పట్టుకుని ప్రతి భయానికీ జన్యువులను చూపించడం నాకు సమ్మతం కాదు. అంత దూరం పోనవసరం లేదు. మా జేజి బియ్యం బానను ఎన్నడూ అడుగంటా తుడిచేది కాదు. గుప్పెడు మిగిల్చేది. ఎందుకంటే 'ధాత కరువు' అనేది. ధాత నామ సంవత్సరం అంటే 1876. జేజి పుట్టింది ఎంతో తరవాత. ఆమె ఆ కరువును చూడలేదు, గుప్పెడు బియ్యాన్ని మాత్రం చూసింది. కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర కూలి తేల్చాడు. పౌండు అంటే అర కిలో కూడా కాదు. ఆ దొర పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాన అడుగు తుడవకూడదని అందరికీ తెలుసు. మీ పాపకు కూడా అంతే, ఆట తెలుసు.

---

కట్టకింది కోడలు

అందరికీ ధన్యవాదాలు. లెక్చరరుగారి ప్రశ్న చదివాక అత్తయ్య పక్కన కూర్చుని, ఆ రోజు గురించి ఎప్పుడూ అడగనట్టు అడిగాను. నీళ్లొస్తాయని భయమా అంటే కాదంది. చాలాసేపు పాల క్యాను మూత తుడుస్తూ ఉండి, తరవాత చెప్పింది.

మా ఇంటి వెనక ఒక ముసలావిడ ఉండేది. తుంటి ఎముక విరిగి మంచాన ఉంది. కొడుకు బెంగళూరులో. ఆ రోజు ట్రాక్టరు ఎక్కేటప్పుడు, పైవీధి వాళ్లు తీసుకొస్తారని మేమనుకున్నాం, కింది వీధి వాళ్లు తీసుకొస్తారని పైవీధి వాళ్లు అనుకున్నారు. బడిలో చాపలు పరిచాక గానీ ఆమె లేదని తెలియలేదు. అప్పటికే చీకటి, ఊళ్లోకి ఎవరినీ పోనివ్వడం లేదు. తెల్లవారాక కుర్రవాళ్లు వెళ్లి మంచంతో సహా మోసుకొచ్చారు. ఆమె బాగానే ఉంది, కాఫీ అడిగిందట. మరుసటి సంవత్సరం వయసు మీరి పోయింది. ఒక్కరిని కూడా ఒక్క మాట అనలేదు.

'ఆవు ముడి కోసం అంతసేపు కూర్చున్నాను, ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు' అంది అత్తయ్య. ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. నాకూ తెలుసు. ఎవరూ ఎత్తరు. ఎత్తితే రెండు వీధులూ కలబడతాయని.

ఇప్పుడు నేనేం చేయాలి? కట్ట గట్టిగా ఉందని ఆమెకు చూపిస్తే మేలవుతుందా అనుకుంటున్నాను. తీసుకెళ్లవచ్చా?

---

రాత్రి డ్యూటీ నర్సు, తిరుపతి

ఇన్నేళ్లకు ఆ మాట పైకి వచ్చిందంటే మీరు చేయాల్సిన పెద్ద పని అయిపోయినట్టే. 'నీ తప్పేమీ లేదు' అని వెంటనే అనకండి. అంటే ఆమె మళ్లీ నోరు మూసుకుంటుంది. ఆ రోజు ఏం జరిగిందో, ఎవరెవరు ట్రాక్టరు మీద ఉన్నారో, చీకటి ఎప్పుడు పడిందో చెప్పనివ్వండి. చెప్పినకొద్దీ, ఆ గుమ్మం దాటి వెళ్లిపోయింది తనొక్కతే కాదని తానే చూస్తుంది. ఊరంతా కలిసి చేసిన పొరపాటును ఒక మనిషి ఒంటరిగా మోస్తోంది. ముడి విడుతుందా లేదా అని రోజూ లాగి చూసేది దాని గురించేనని నాకు అనిపిస్తోంది. కానీ ఇది నా ఊహ, ఆమె దగ్గర అనకండి.

కట్ట దగ్గరకు తీసుకెళ్లవచ్చు. వాన కాలంలో వద్దు. నీళ్లు తగ్గిన మార్చి, ఏప్రిల్ నెలల్లో, పగటిపూట, ఆమె సరే అంటేనే. సగం దారిలో వెనక్కి పోదామంటే వెనక్కి రండి, బతిమాలవద్దు. మరోసారి వెళ్లవచ్చు.

---

ఆయకట్టు రైతు

ఆ ముసలావిడ సంగతి మా ఊళ్లో కూడా తెలుసు. మా ఊరి నుంచి ఇద్దరు మంచం మోశారు.

వచ్చే అక్టోబరు లోపు ఒక పని చేద్దాం. మంచాన ఉన్నవాళ్లు, నెలలు నిండినవాళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, వీళ్ల పేర్లు ఇంటింటికీ రాసి, ప్రతి పేరు పక్కన ఎవరు తీసుకురావాలో ఇద్దరి పేర్లు రాద్దాం, పైవీధి నుంచి ఒకరు, కింది వీధి నుంచి ఒకరు. పంచాయతీ గోడకు అంటిద్దాం. పేర్లు మీ అత్తగారిని చెప్పమనండి, ఏ ఇంట్లో ఎవరు లేవలేరో పాలు తీసుకెళ్లే మనిషి కంటే ఎవరికి తెలుస్తుంది? కొట్లాట వస్తే రానివ్వండి, నేను వచ్చి కూర్చుంటాను.

కట్టకు మాత్రం మరవ వైపు నుంచి ఎక్కండి. తూము దగ్గర ఇంకా కంపచెట్లు కొట్టలేదు, చీర పట్టుకుంటుంది.